మూగజీవుల చేష్టలు - మనిషి బాధ్యత

మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్క మొదటిది. ఆ తరువాత మేక, గొర్రె, ఆవు, పిల్లి, కోడి ఒక్కొక్కటిగా వచ్చి అతని ముంగిట చేరాయి. వేల సంవత్సరాలుగా అవి అతనికి పాలిచ్చాయి, పొలం దున్నాయి, ఇంటికి కాపలా కాశాయి, గాదెలోని ధాన్యాన్ని ఎలుకల బారినుండి కాపాడాయి. వీటితోపాటు లెక్కకు రాని మరొక ఉపకారం కూడా చేశాయి. అది మనిషిని నవ్వించడం. తన తోకను తానే పట్టుకోబోయి గిరగిర తిరిగే కుక్కపిల్లను, నూలుకండెతో యుద్ధం చేసే పిల్లికూనను, కారణమేమీ లేకుండానే చెంగున ఎగిరి గంతులు వేసే లేగదూడను చూసి నవ్వని మనిషి ఉండడు.

ఈ నవ్వులో దోషం లేదు. నవ్వుతోనే ఆగిపోవడంలో దోషం ఉంది. పెంపుడు జంతువు చేసే ప్రతి వింతచేష్ట వెనుక ఏదో ఒక కారణం ఉంటుంది. కొన్ని చేష్టలకు కారణం సంతోషం, కొన్నింటికి పూర్వవాసన, మరికొన్నింటికి బాధ. కారణం ఎరిగినవాడు జంతువును సుఖంగా పెంచగలుగుతాడు. ఎరుగనివాడు దాని ఆనందాన్నీ వేదననూ ఒకే తీరున చూసి నవ్వుతాడు. మూగజీవి తన మాటను నోటితో చెప్పలేదు. చెవితో, తోకతో, కంటితో, నడకతో చెబుతుంది. ఆ చేష్టాభాషను నేర్చుకోవడం జంతువును పెంచేవాని తొలి బాధ్యత.

ఈ విషయాన్ని ఆలోచించడానికి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం తగిన చోటు. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూనది పారే నల్లరేగడి నేల ఇది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లానుండి విడివడి నంద్యాల ప్రత్యేక జిల్లా అయింది. ఈ సీమలో నందికి లభించిన గౌరవం చాలా గొప్పది. నంద్యాల పట్టణంలోను, దాని పరిసరాలలోను నెలకొన్న నవనందులను భక్తులు దర్శిస్తారు. వాటిలో మహానంది మిక్కిలి ప్రసిద్ధమైనది. యాగంటిలోని బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని జనుల విశ్వాసం. ఇక ఆళ్లగడ్డ రాతి శిల్పానికి పేరొందిన ఊరు. అక్కడి శిల్పుల ఉలి దెబ్బలకు బండరాళ్ళు దేవతామూర్తులుగా, నందులుగా రూపుదిద్దుకుంటాయి. పశువును దేవుని వాహనంగా పూజించడం, ఇంటి బిడ్డగా పెంచడం, పొలంలో జతగాడిగా కష్టపెట్టడం - ఈ మూడూ ఒకే నేలమీద కలిసి సాగుతున్నాయి.

దక్షిణాదిలోని కొన్ని నంది విగ్రహాలను శ్రద్ధగా పరిశీలిస్తే ఒక ముచ్చటైన విశేషం కనిపిస్తుంది. నంది నాలుక పైకి లేచి ముక్కుపుటాన్ని తాకుతూ ఉంటుంది. గంభీరంగా కూర్చున్న దేవవాహనానికి ఈ పసితనపు చేష్ట ఎందుకని చూసేవారు ఆశ్చర్యపడతారు. కాని కొట్టంలో పశువును చూసినవారికి ఆశ్చర్యం కలగదు. ఆవుగాని, ఎద్దుగాని రోజులో ఎన్నోసార్లు నాలుకతో ముక్కు నాకుకుంటుంది. ముక్కును శుభ్రంగా, తడిగా ఉంచుకోవడానికి అది చేసే పని అది. ఆరోగ్యంగా ఉన్న పశువు ముట్టె తేమగా ఉంటుందని, ముట్టె ఎండితే పశువుకు నలతగా ఉన్నట్లేనని రైతులు చెబుతారు. అంటే శిల్పి రాతిలో చెక్కినది కేవలం వినోదం కాదు, ఆరోగ్యవంతమైన పశువు లక్షణం. చూసేవారికి నవ్వు తెప్పించిన చేష్టలో శిల్పి జీవాన్ని గుర్తించాడు. పెంపుడు జంతువుల విషయంలో మనిషికి కావలసినది శిల్పికున్న ఆ పరిశీలన దృష్టి.

తెలుగు సామెతలలో పెంపుడు జంతువులకు పెద్దపీట దక్కింది. పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగుతూ తనను ఎవరూ చూడలేదనుకుంటుందట. కుక్కతోకను ఎంత సరిచేసినా వంకర పోదట. దున్నపోతు మీద వాన కురిసినా దానికి చీమ కుట్టినట్లయినా ఉండదట. ఈ సామెతలన్నీ మనుషుల గుణాలను ఎత్తిచూపడానికి పుట్టినవే. జంతువుల స్వభావాన్ని వివరించడానికి పుట్టినవి కావు. అయితే వినగా వినగా వాటినే జంతుశాస్త్రంగా నమ్మే అలవాటు ఏర్పడింది. పిల్లి కపటి, కుక్క నీచం, ఎనుము మొద్దు అనే ముద్రలు స్థిరపడ్డాయి. పరిశీలించి చూస్తే ఈ ముద్రలలో చాలావరకు నిలవవు.

దున్నపోతునే తీసుకోవచ్చు. వానలో అది కదలకుండా నిలబడడం మొద్దుతనంవల్ల కాదు. దాని నల్లని చర్మం ఎండవేడిని ఎక్కువగా గ్రహిస్తుంది. ఆవుతో పోలిస్తే దానికి చెమటగ్రంథులు తక్కువ. కనుక శరీరాన్ని చల్లబరచుకోవడానికి అది నీటిని, బురదను ఆశ్రయిస్తుంది. నంద్యాల ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. అటువంటి చోట కుంటలో మెడదాకా మునిగి అరమోడ్పు కన్నులతో నెమరువేసే ఎనుమును చూసి సోమరి అని నవ్వడం తగదు. అది తన ప్రాణాన్ని కాపాడుకుంటున్నది. మండువేసవిలో దానిని నీటికి దూరంగా కట్టివేసిన యజమానికంటే దానికే తెలివి ఎక్కువ.

కోడిపుంజు కూతనుగురించి కూడా తెలుగువారు ఎన్నో ముచ్చట్లు చెప్పుకుంటారు. తన కోడి కూయనిదే ఊరికి తెల్లవారదని గర్వించిన ముసలమ్మ సామెతలో శాశ్వతంగా నిలిచిపోయింది. వెలుతురును చూసి కోడి కూస్తుందని చాలామంది అనుకుంటారు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2013లో వెలువరించిన పరిశోధన వేరొక సంగతిని తెలిపింది. పగలు, రాత్రి తేడా తెలియని మసకవెలుతురులో ఉంచినా పుంజులు వేళ తప్పకుండా కూశాయి. వాటి శరీరంలోనే ఒక గడియారం ఉన్నది. ఆ శాస్త్రజ్ఞులే 2015లో మరొక విశేషం ప్రకటించారు. ఒకేచోట అనేక పుంజులుంటే పెత్తనం చేసే పుంజు మొదట కూస్తుంది. మిగిలినవి దాని తరువాత వరుసక్రమంలో గొంతు విప్పుతాయి. ముసలమ్మ గర్వంకంటె పుంజు గర్వమే గట్టిదన్నమాట.

కోళ్ళ మరొక చేష్ట మట్టిస్నానం. ఇల్లాలు తుడిచి పెట్టిన వాకిట గుంట చేసి, అందులో పడుకొని, రెక్కలతో దుమ్మును పైకి ఎగజిమ్ముకుంటూ కోడి పరవశించిపోతుంది. చూసేవారికి అది పిచ్చిగంతులా ఉంటుంది. నిజానికి ఈకలలోని పేలను, అధికమైన జిడ్డును వదిలించుకోవడానికి అది చేసే స్నానమది. గచ్చునేలమీద, ఇరుకు గూటిలో పెరిగే కోడికి మట్టి దొరకదు. అయినా అది ఉత్తనేల మీదనే రెక్కలు కొట్టుకుంటూ ఆ స్నానాన్ని అభినయిస్తుంది. మొదటి దృశ్యం ఆనందదాయకం. రెండవది జాలిగొలిపేది. పైకి మాత్రం రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. చేష్టను చూడగానే సరిపోదని, అది ఏ పరిస్థితిలో పుట్టిందో కూడా చూడాలని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

పుట్టిన వెంటనే కళ్ళెదుట కదిలే ప్రాణిని తల్లిగా భావించి వెంటబడడం కోడిపిల్లలలోను, బాతుపిల్లలలోను కనిపించే వింతలక్షణం. కోడికింద పొదిగించిన బాతుపిల్లలు కోడినే తల్లి అనుకొని నడుస్తాయి. నీరు కనబడగానే మాత్రం జంకులేకుండా దిగి ఈదుతాయి. గట్టుమీద కోడి దిక్కుతోచక అటూ ఇటూ పరుగులు తీస్తుంది. ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ ఇటువంటి ప్రవర్తనను బాతు జాతి పక్షులలో నిశితంగా పరిశీలించాడు. గుడ్డునుండి వెలువడగానే తనను చూసిన పిల్లలు తన వెంటనే తిరగడం అతడు గమనించాడు. జంతుప్రవర్తనపై చేసిన కృషికి అతనికి 1973లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది. పెరటిలో పిల్లలు చూసి నవ్వుకునే దృశ్యంలో నోబెల్ బహుమతికి తగిన సత్యం దాగి ఉన్నది.

కుక్క చేష్టలు మరింత చిత్రమైనవి. పడుకోబోయేముందు అది ఉన్నచోటనే రెండు మూడు చుట్లు తిరుగుతుంది. గచ్చుమీద పడుకోవలసి వచ్చినా గోళ్ళతో నేలను గీకుతుంది. అడవిలో గడ్డిని తొక్కి పడక సిద్ధం చేసుకున్న పూర్వుల అలవాటు దానిలో మిగిలి ఉండవచ్చునని చార్లెస్ డార్విన్ 1872లో ప్రచురించిన గ్రంథంలో ఊహించాడు. ఇంటి కుక్కకు గడ్డి అవసరం లేదు. అయినా దాని కాళ్ళు అడవిని మరచిపోలేదు. నంద్యాల ప్రాంతపు ఇండ్లలో బేతంచెర్ల నాపరాళ్ళు పరచిన అరుగులు కనిపిస్తాయి. వేసవి మధ్యాహ్నం నీడపట్టున చల్లగా ఉన్న నాపరాయిని వెదకి కుక్క దానిపై పొట్ట ఆనించి, నాలుగు కాళ్ళు నాలుగు దిక్కులకు చాచి పడుకుంటుంది. కప్పలాగా ఉందని పిల్లలు నవ్వుతారు. కుక్కకు చెమట పట్టేది చాలావరకు పాదాల అడుగున మాత్రమే. నాలుక చాచి రొప్పడం, చల్లని రాతికి పొట్ట ఆనించడం దానికి తెలిసిన ఉపశమనాలు. ఆ భంగిమను చూసిన పిల్లవాడు ఒక ముంతెడు నీళ్ళు తెచ్చి దాని పక్కన ఉంచితే అతడు కుక్క భాషలో ఒక మాట నేర్చుకున్నట్లే.

కుక్క విషయంలో మనిషి తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉంది. ఇంటిలో చెప్పు కొరికిన కుక్క యజమానిని చూడగానే తల వంచుతుంది, చెవులు వెనుకకు వాలుస్తుంది, తోక ముడుస్తుంది, ఓరకంట చూస్తుంది. తప్పు ఒప్పుకున్నదని యజమాని నిర్ణయిస్తాడు. దొంగచూపులు అని ఇంటిల్లిపాదీ నవ్వుతారు. కొందరు నాలుగు దెబ్బలు కూడా వేస్తారు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ భావనను సవాలు చేసింది. తప్పు చేసిన కుక్కా, చేయని కుక్కా కూడా యజమాని గద్దించినప్పుడు ఒకే విధంగా ఆ చూపు చూశాయి. ఆ చూపు వచ్చింది చేసిన తప్పునుండి కాదు, యజమాని కోపంనుండి. పశ్చాత్తాపమని మనిషి భావించినది నిజానికి శాంతించమనే వేడుకోలు. వేడుకుంటున్న ప్రాణిని నేరం ఒప్పుకున్నదని కొట్టడంకంటె అన్యాయం ఏముంటుంది?

ఈ ప్రశ్న తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. ఆదికవి నన్నయ ఆంధ్రమహాభారతంలోని సరమ వృత్తాంతం విద్యార్థులు చదివినదే. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవతల కుక్క కుమారుడు ఆడుకోవడానికి వచ్చాడు. జనమేజయుని తమ్ములు ఆ కుక్కపిల్లను నిష్కారణంగా కొట్టారు. అప్పుడు సరమ రాజసభకు వచ్చి, ఏ అపరాధమూ చేయని తన బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. మంచి చెడులు విచారింపక దుర్బలులను హింసించేవారికి అనుకోని ఆపదలు వస్తాయని హెచ్చరించింది. చక్రవర్తిని ఒక కుక్క న్యాయం అడగడం, ఆ మాట నిజమై రాజు కలవరపడడం మహాభారత కథ ఆరంభంలోనే చోటుచేసుకున్నాయి. ఆటను అపరాధంగా భావించడం అవివేకమని ఆ కథ నాడే చెప్పింది.

రాత్రివేళ కుక్క మోరెత్తి దీర్ఘంగా కూయడాన్ని అపశకునంగా భావించి రాళ్ళు విసిరేవారున్నారు. దూరాన ఉన్న తనవారిని పిలవడానికి తోడేళ్ళు ఆ విధంగానే కూస్తాయి. కుక్కలకు ఆ లక్షణం వారసత్వంగా వచ్చింది. ఒంటరిగా కట్టివేసిన కుక్క కూత యముని రాకకు సూచన కాదు, తోడు కావాలన్న పిలుపు. ఆ పిలుపుకు రాయి సమాధానం కారాదు.

పిల్లి కథ వేరు. అది ఇంటిలో ఉంటుంది కాని ఇంటివారి ఆజ్ఞలో ఉండదు. పేరు పెట్టి పిలిస్తే చెవి మాత్రం కదిపి, కదలక కూర్చుంటుంది. దానికి తన పేరు తెలియదని యజమాని సరిపెట్టుకుంటాడు. జపాన్ పరిశోధకులు 2019లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం పెంపుడు పిల్లులు తమ పేరును ఇతర పదాలనుండి వేరుగా గుర్తించగలవు. పిలుపు వినబడుతుంది, తెలుస్తుంది, రావడమా మానడమా అన్నది మాత్రం పిల్లి ఇష్టం. కాళ్ళకు చెంపలు రుద్దుతూ తిరగడం కేవలం ప్రేమ ప్రకటన కాదు. చెంపల దగ్గరి గ్రంథుల వాసనను అంటించి, ఈ మనిషి తనవాడని అది ముద్ర వేసుకుంటుంది. మనిషి పిల్లిని పెంచుకుంటున్నాననుకుంటాడు. పిల్లి లెక్క బహుశా వేరుగా ఉంటుంది.

పల్లెటూరి పెరళ్ళలోను, పొలంగట్లమీద కలుపుగాను మొలిచే కుప్పింటాకు మొక్క పిల్లికి చేసే మాయ చూడదగినది. ఆ మొక్కను పెరికి వేరు బయటపడేలా ఉంచితే పిల్లి వాసన పట్టి వస్తుంది. వేరును నాకుతుంది, దానిపై దొర్లుతుంది, కాసేపు మైమరచిపోతుంది. పాశ్చాత్య దేశాలలో పిల్లులను ఇదే విధంగా మత్తెక్కించే వేరొక మొక్కను అంగళ్ళలో అమ్ముతారు. రాయలసీమ పిల్లికి ఆ వేడుక పెరటిలోనే ఉచితంగా దొరుకుతుంది. మిఠాయిని ముట్టని పిల్లిని చూసి దానికి రుచి తెలియదని ఎగతాళి చేయడం కూడా అజ్ఞానమే. పిల్లి నాలుకకు తీపిని గుర్తించే శక్తి జన్యుపరంగానే లేదని 2005లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. మాంసాహారానికే తగిన శరీరం దానిది. తాను ఇష్టపడిన దానిని పిల్లికి పెట్టి, అది తినలేదని అలిగే యజమాని పిల్లిలో తననే చూసుకుంటున్నాడు.

పశువుల కొట్టంలో మరొక వింత కనిపిస్తుంది. ఎద్దుగాని, దున్నగాని, మేకపోతుగాని ఏదో వాసన చూసి, మెడ పైకెత్తి, పైపెదవిని ముడిచి, పళ్ళు బయటపెట్టి క్షణకాలం అలాగే నిలిచిపోతుంది. పగలబడి నవ్వుతున్నట్లుంటుంది ఆ ముఖం. చూసేవారికి నవ్వు ఆగదు. కాని జంతువు నవ్వడంలేదు, వాసనను చదువుతున్నది. దాని నోటి పైభాగాన వాసనలను పసిగట్టే ప్రత్యేక అవయవం ఉంది. పెదవిని ముడిచి గాలిని ఆ అవయవానికి అందిస్తుంది. ఎదుటి పశువు ఎదకు వచ్చినదా లేదా అన్నది దానికి ఆ వాసనలోనే తెలుస్తుంది. మనిషి అక్షరాలు చదివేటప్పుడు కళ్ళు చిట్లించినట్లే అది కూడా.

సంక్రాంతి పండుగకు వీధులలోకి వచ్చే గంగిరెద్దు తెలివికి ముగ్ధులు కానివారు లేరు. అయ్యవారికి దండం పెట్టమంటే వంగుతుంది. అమ్మగారు చల్లగా ఉండాలా అంటే అవునని తల ఊపుతుంది. ఎద్దుకు మాటల అర్థమంతా తెలుసునని పిల్లలు నమ్ముతారు. ఈ సందర్భంలో జర్మనీలోని హాన్స్ అనే గుర్రం కథ తెలుసుకోదగినది. అది లెక్కలు చేస్తుందని, గిట్టతో నేలను తట్టి జవాబు చెబుతుందని 20వ శతాబ్ది ఆరంభంలో గొప్ప ఖ్యాతి పొందింది. ఆస్కర్ ఫంగ్‌స్ట్ అనే పరిశోధకుడు 1907లో దాని రహస్యాన్ని వెల్లడించాడు. సరియైన సంఖ్య రాగానే ప్రశ్న అడిగినవాని ముఖంలో, తలలో అతనికే తెలియని స్వల్పమైన కదలిక కలిగేది. దానిని గమనించి గుర్రం తట్టడం ఆపేది. గుర్రానికి లెక్కలు రావు, మనుషులను చదవడం వచ్చు. గంగిరెద్దు కూడా తనను ఆడించేవాని గొంతును, చేతిని, పగ్గపు కదలికను చదువుతుంది. మనిషి జంతువును చదివినదానికంటె జంతువు మనిషిని శ్రద్ధగా చదువుతున్నది. ఈ సంగతి మనిషికి కొంత సిగ్గు కలిగించవలసినది.

ఇంతవరకు చెప్పినవి నవ్వుకోదగిన చేష్టలు. నవ్వు ఆగవలసిన చేష్టలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని గుర్తించకపోవడంవల్లనే మూగజీవులకు, ఒక్కొక్కప్పుడు మనుషులకు కూడా హాని జరుగుతుంది.

కుక్కపిల్ల ఆటలో తోక వెంట తిరగడం సహజం. పెరిగిన కుక్క రోజంతా గొలుసుకు కట్టుబడి, అదేపనిగా తోకను కొరుక్కుంటూ తిరుగుతూ ఉంటే అది ఆట కాదు. విసుగు, నిర్బంధం, చర్మవ్యాధి వంటి కారణాలు అక్కడ ఉండవచ్చు. పంజరంలోని చిలుక ఒకే తీరున తల ఊపుతూ, కమ్మీ మీద అటూ ఇటూ నడుస్తూ ఉంటే నాట్యం చేస్తున్నదని అతిథులు చప్పట్లు కొడతారు. కొన్ని చిలుకలు తమ ఈకలను తామే పీకివేసుకుంటాయి. గుంపుగా ఎగురుతూ, ఒకదానినొకటి పిలుచుకుంటూ బ్రతికే పక్షి ఒంటరితనంలో చేసే చేష్టలవి. అది మనుషుల మాటలు అనుకరించడం కూడా తోడును వెదుక్కునే ప్రయత్నమే. తనవారు లేని చోట మనుషులనే తన గుంపుగా భావించి వారి పలుకులను పలుకుతుంది. ఈ దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, ఇంటిలో బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అదృష్టం కలిసివస్తుందని నక్షత్ర తాబేలును ఇంటిలో ఉంచుకోవడం కూడా నేరమే.

ఆవు గోడలను నాకుతుంది, ఆరవేసిన బట్టలను నములుతుంది, ఎముకలను చప్పరిస్తుంది. ఇల్లాలి చీర కొంగును సగం మింగిన ఆవు కథ ఊరంతా నవ్వుతూ చెప్పుకుంటారు. పశువైద్యులు మాత్రం ఆ కథ విని నవ్వరు. మేతలో భాస్వరం, ఉప్పు వంటి లవణాలు లోపించినప్పుడు పశువు తినకూడని వస్తువులను తింటుంది. ఖనిజలవణ మిశ్రమం అందిస్తే చాలా పశువులు ఆ అలవాటును మానుతాయి. పట్టణ వీధులలో తిరిగే ఆవులు కుళ్ళిన ఆహారంతోపాటు పాలితిన్ సంచులను కూడా మింగుతాయి. అవి కడుపులో పేరుకొని మరణానికి దారితీస్తాయి. నందిని పూజించే ఊరిలోనే ఆవు కడుపు ప్లాస్టిక్ గంపగా మారడం భక్తికి శోభ కాదు.

అన్నింటికంటె ప్రమాదకరమైనది రేబిస్ వ్యాధి. సాధువైన కుక్క అకస్మాత్తుగా చీకటి మూలలలో దాగడం, కనబడని ఈగను పట్టుకోబోయినట్లు గాలిని కొరకడం, కర్రను మట్టిని మింగడం, మొరిగే గొంతు మారడం, నోటినుండి చొంగ కారడం ఆ వ్యాధి సూచనలు. పిల్లలు వీటిని వింతచేష్టలనుకొని దగ్గరకు పోయే ప్రమాదం ఉంది. కుక్క కరిచినా, గోరుతో రక్కినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. పసరు మందులను, మంత్రాలను నమ్మి కాలయాపన చేయరాదు. లూయీ పాశ్చర్ 1885లో తొలిసారి ఒక బాలుని ఈ టీకాతో రక్షించాడు. నేటికీ వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కుక్క ప్రవర్తనలోని మార్పును సకాలంలో గుర్తించడం, దానికి ముందుగానే టీకా వేయించడం ఒక ఇంటిని, ఒక వీధిని కాపాడుతుంది.

ఇంత ఆలోచన మనుషులకే కరవైనప్పుడు పశువులకెందుకని కొందరు ప్రశ్నించవచ్చు. పూటగడవని ఇంటిలో కుక్క మనసును పరిశీలించే తీరిక ఎక్కడిదని మరికొందరు అనవచ్చు. ఈ వాదనలో కొంత నిజం ఉన్నట్లు తోస్తుంది. కాని సేద్యాన్ని నమ్ముకున్న పేదరైతే తన ఎద్దును అందరికంటె బాగా ఎరుగుతాడు. చెవులు వాలిన తీరును చూసి జ్వరమని, నెమరు ఆగితే కడుపులో నలత అని, అరకలో అడుగు తడబడితే గిట్టలో దెబ్బ అని అతడు చెప్పగలడు. ఆ జ్ఞానానికి ధనం అక్కరలేదు, దృష్టి చాలు. సేద్యం ట్రాక్టర్ల పాలై, ఇండ్లు ఇరుకై, చేతిలోకి సెల్‌ఫోన్ వచ్చిన తరువాత ఆ దృష్టి సన్నగిల్లింది. జంతువును చూడడం తగ్గి, దాని వీడియోను చూడడం పెరిగింది. నలుగురి మెప్పుకోసం పిల్లిని బెదరించి, కుక్కకు బిగుతైన దుస్తులు తొడిగి చిత్రీకరించడం వినోదమవుతున్నది. భయంతో ఎగిరిపడిన పిల్లిని చూసి వేలమంది నవ్వినా పిల్లి భయం భయమే.

దీనికి ఎదురుగా మరొక అతి కూడా ఉంది. జంతువు అచ్చం మనిషిలాగే ఆలోచిస్తుందని భావించి దానికి పగ, అసూయ, పశ్చాత్తాపం అన్నీ అంటగట్టడం ఆ అతి. జంతువును యంత్రమనుకోవడం ఎంత తప్పో, మనిషి అనుకోవడం కూడా అంతే తప్పు. దాని ఇంద్రియాలు వేరు, అవసరాలు వేరు, భయాలు వేరు. దానిని దానిగా చూడడమే నిజమైన ప్రేమ.

చట్టం ఈ దిశలో తన మాట చెప్పింది. జంతువులను అనుచితంగా పొట్టి గొలుసుతోగాని, బరువైన గొలుసుతోగాని అధిక సమయం కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం శిక్షార్హం. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం ప్రాణులయెడ దయ చూపడాన్ని పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా పేర్కొన్నది. అయితే ఏ చట్టమూ ప్రతి ఇంటి కొట్టంలోకి, ప్రతి పెరటిలోకి వచ్చి చూడలేదు. అక్కడ చూడవలసిన కన్ను ఇంటివారిదే.

ఆ కన్ను చిన్ననాడే తెరుచుకుంటే మేలు. ఇంటిలోనో, వీధిలోనో ఉన్న ఒక జంతువును విద్యార్థి నెలరోజులపాటు గమనించి, అది ఎప్పుడు ఏ చేష్ట చేసినదో, అంతకుముందు ఏమి జరిగినదో ఒక పుస్తకంలో వ్రాసుకోవచ్చు. దీనికి ప్రయోగశాల అవసరం లేదు. నెల గడిచేసరికి తోక ఊపులలోని భేదాలు, అరుపులలోని భేదాలు, చెవుల కదలికలోని భేదాలు అతనికి తెలియవస్తాయి. అర్థంకాని మార్పు కనిపించినప్పుడు పశువైద్యశాల తలుపు తట్టాలన్న వివేకం కలుగుతుంది. ఆళ్లగడ్డ శిల్పి బండరాతిలో నందిని చెక్కాలంటే ముందు నందిని బాగా చూసి ఉండాలి. ప్రాణమున్న నందిని పెంచేవానికి ఆ చూపు మరింత అవసరం. మూగజీవుల చేష్టలకు నవ్వడం మనిషికి సహజం. నవ్విన తరువాత ఒక్క క్షణం ఆగి, ఇది ఎందుకిలా చేసిందని ప్రశ్నించుకోవడం అతని ధర్మం.